పక్కింటి కుక్క చీటీ

వానలు మొదలైన రెండు మూడు వారాలకు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూసినా ఈ మాట కనిపిస్తుంది: "మా వాడికి టిక్ ఫీవర్ అంటున్నారండీ. పోయినేడాది మీ లాబ్రడార్‌కి తగ్గింది కదా, ఏం మందు వాడారు?" పది నిమిషాల్లో జవాబులు వచ్చేస్తాయి. ఒకరు డాక్సీసైక్లిన్ స్ట్రిప్పు ఫొటో పెడతారు. ఇంకొకరు "రెండు ఇంజెక్షన్లకే లేచి తిరిగింది" అంటారు. ప్లేట్‌లెట్లు పడిపోతే బొప్పాయి ఆకు రసం పట్టించమని మూడో ఆయన సలహా. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరి కుక్కకు తగ్గిన మందు వాళ్లు చెబుతారు. ఆ మూడు ఇళ్ల కుక్కలకూ వచ్చింది ఒకే జబ్బు కాకపోవచ్చన్న సంగతి మాత్రం గ్రూపులో ఎవరికీ తట్టదు.

టిక్ ఫీవర్ అనేది ఒక జబ్బు పేరు కాదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలన్నిటికీ కలిపి పెట్టుకున్న వాడుక మాట. మనుషుల విషయంలో "విష జ్వరం" అంటామే, అలాంటిదే: డెంగీనా, మలేరియానా, టైఫాయిడా అన్నది ఆ మాట చెప్పదు. నగరంలో కుక్కలను ఎక్కువగా పట్టి పీడించేది బ్రౌన్ డాగ్ టిక్ అనే గోధుమరంగు పిడుదు. కొందరు గోమారి అంటారు. దానికి పొలమూ పొదా అక్కర్లేదు. స్టిల్ట్ పార్కింగ్ గోడ పగుళ్లలో, సోఫా వెనక, వాచ్‌మన్ గది గుమ్మం సందులో వేల గుడ్లు పెట్టి ఇంట్లోనే తరాలు గడిపేస్తుంది. ఎర్లికియా, బేబీసియా వోగెలి, హెపటోజూన్ అనే జబ్బు క్రిములు మూడింటినీ ఈ ఒక్క పిడుదే మోయగలదు, ఒక్కోసారి ఒకే కుక్కకు రెండేసి అంటిస్తుంది.

ఈ మూడింటిలో ఎర్లికియా బ్యాక్టీరియా. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. మిగతా రెండూ ప్రోటోజోవా, అంటే ఏకకణ పరాన్నజీవులు. బేబీసియా ఎర్ర రక్తకణంలో దూరి దాన్ని పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో రావడం అందుకే. హెపటోజూన్ తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది. దీని దారి మరీ విచిత్రం: పిడుదు కుట్టడం వల్ల రాదు. కుక్క తన ఒంటిమీది పిడుదును పళ్లతో పీకి నమిలి మింగినప్పుడు వస్తుంది. ఒక్క డాక్సీసైక్లిన్ స్ట్రిప్పుతో ఈ రెండూ వదలవు. బొప్పాయి రసం సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్లేట్‌లెట్లు పడిపోవడం జబ్బు చేసిన పని. ఆ అంకెను పెంచే ప్రయత్నం చేసినంత మాత్రాన రక్తంలోని పురుగు చావదు.

బేబీసియా అని తేలినా కథ సగమే తేలినట్టు. కుక్కలకు వచ్చే బేబీసియాలో పెద్ద రకం, చిన్న రకం అని రెండున్నాయి. పెద్దది వోగెలి, చిన్నది గిబ్సోని. గిబ్సోనికి మన దక్షిణాదితో పాత చుట్టరికమే ఉంది. 1910లో ప్యాటన్ దాన్ని మొదటిసారి వర్ణించింది మద్రాసు వేట కుక్కల రక్తంలో, నక్కల రక్తంలో. పెద్ద రకం మీద ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. గిబ్సోని మీద దాన్ని నమ్ముకోలేం: జ్వరం దిగుతుంది, కుక్క తింటుంది, కొన్ని వారాలకు మళ్లీ మొదటికొస్తుంది. గిబ్సోనికి ఇప్పుడు ఎక్కువగా వాడేది అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ జోడీ, పది రోజుల కోర్సు. అంటే "రెండు ఇంజెక్షన్లకే లేచి తిరిగిన" కుక్కకు వచ్చింది పెద్ద రకం, అడిగినాయన కుక్కకు వచ్చింది చిన్న రకం అయితే, అదే ఇంజెక్షన్ ఇక్కడ కాలయాపన అవుతుంది.

ఈ తేడాను పట్టే పరీక్షల్లో మొదటిది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. చెవి అంచున సూదితో గుచ్చి తీసిన ఒక్క చుక్క రక్తాన్ని గాజు స్లైడ్ మీద పల్చగా లాగి, ఆరనిచ్చి, జీమ్సా రంగు వేస్తారు. నూనె చుక్క పెట్టి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తారు. వోగెలి అయితే గులాబీ రంగు కణం లోపల రెండు ఊదారంగు బొట్లు, బేరికాయల్లా కొసలు కలుపుకుని కూర్చుని ఉంటాయి. గిబ్సోని అయితే ఒక పక్కన చుక్క ఉన్న సన్నటి ఉంగరం. చూసే మనిషికి ఓపిక ఉండాలి. స్లైడ్‌లో కనిపించలేదంటే లేదని అర్థం కాదు, తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు పీసీఆర్ పరీక్షలోనే బయటపడుతుంది. మన దగ్గర తరచూ జరిగేదేమిటంటే, ప్లేట్‌లెట్లు తక్కువున్న రిపోర్టు ఒక్కటి చూసుకుని టిక్ ఫీవర్ అనేసుకుంటారు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దాకానో, నారాయణగూడలోని ప్రభుత్వ పశు వైద్యశాల దాకానో వెళ్లేలోపు ఇంట్లో ఒక కోర్సు సగం అయిపోయి ఉంటుంది.

అటోవాక్వోన్ మనుషుల మలేరియాకు కూడా వాడే మందు. బేబీసియా, మలేరియా క్రిమి ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. బేగంపేటలో ఆయన పేరు మీద ఉన్న భవనం ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లకు కూడా తమ కుక్క రక్తంలో దాని దగ్గరి బంధువు ఉండొచ్చన్న ఆలోచన రాదు. చుట్టరికం ఉంది కదా అని మలేరియా మాత్రలు తెచ్చి వేసేయడం కుదరదు. దొరికే మలేరియా మాత్రల్లో అటోవాక్వోన్‌తో పాటు ప్రోగ్వానిల్ కలిసి ఉంటుంది. ఆ కలయికకు కుక్కలు వాంతులు చేసుకుంటాయి. పైగా ఈ మందు ఖాళీ కడుపుతో వేస్తే ఒంటికి పెద్దగా పట్టదు, కొవ్వున్న తిండితో ఇవ్వాలి. ఎనిమిది గంటలకోసారి అన్న లెక్క కూడా ముఖ్యమే. ఆఫీసుకు వెళ్లే ఇళ్లలో మధ్యాహ్నం మాత్ర తప్పిపోవడం మామూలు. సగం సగం వాడితే క్రిమి జన్యువులో చిన్న మార్పు జరిగి, ఆ మందుకు లొంగని రకం మిగిలిపోవచ్చు. ఇది ఊహ కాదు, గిబ్సోనిలో సైటోక్రోమ్ బి అనే జన్యువులో ఆ మార్పును చూశారు.

ఇమిడోకార్బ్ విషయంలో తప్పిపోయేది రెండో ఇంజెక్షన్. మొదటిది ఇచ్చిన రెండు వారాలకు మళ్లీ ఇవ్వాలి. అప్పటికి కుక్క గంతులేస్తూ ఉంటుంది. బాగానే ఉంది కదా, ఎందుకు గుచ్చించడం అనిపిస్తుంది. మొదటి ఇంజెక్షన్ నాడు చూసిన భయం కూడా దానికి తోడవుతుంది: సూది వేసిన కాసేపటికే చొంగ ధారగా కారడం, వాంతి, మోషన్స్. మందుకున్న స్వభావమే అది. అందుకే చాలామంది డాక్టర్లు ముందుగా అట్రోపిన్ ఇచ్చి, అరగంట కూర్చోబెట్టి పంపుతారు. కండకో చర్మం కిందో వేయాల్సిన మందు ఇది, నరానికి ఎక్కించేది కాదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టాల్సింది డిమినజీన్. ఆవులు, గేదెల రక్త పరాన్నజీవులకు దశాబ్దాలుగా వాడుతున్న మందు. చౌక. పశువుల మందుల షాపుల్లో సులువుగా దొరుకుతుంది. కుక్కలకూ పనికొస్తుంది, కానీ మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. లెక్క చూడండి. మోతాదు కిలోకు 3.5 మిల్లీగ్రాములు, ఒక్కసారే. ఎనిమిది కిలోల పగ్ కుక్కకు 28 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 70 మిల్లీగ్రాములున్న ద్రావణమైతే సిరంజిలోకి రావలసింది 0.4 మిల్లీలీటర్లు. నాలుగు వందల కిలోల గేదెకు అదే మందు 20 మిల్లీలీటర్లు ఎక్కించే చెయ్యికి 0.4 అనేది సిరంజి మొదట్లో తడి అంటినట్టు కనిపిస్తుంది. దశాంశ చుక్క తప్పి 4 అయితే పది రెట్లు. మోతాదు మించితే ఒకటి రెండు రోజుల్లో మెదడు దెబ్బతిన్న లక్షణాలు కనిపిస్తాయి: తూలడం, తల వెనక్కి విరుచుకోవడం, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకోవడం. దీనికి విరుగుడు లేదు. కొన్ని కుక్కలకు సరైన మోతాదులో కూడా ఇలా జరిగిన దాఖలాలున్నాయి కాబట్టే, వేరే మందు ఉన్నచోట దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

జ్వరాల సంగతి ఇలా ఉంటే, విరేచనాలది ఇంకో తీరు. అక్కడ షాపుకు వెళ్లే పని కూడా లేదు. మందు ఇంట్లోనే, ఫ్రిజ్ మీది డబ్బాలోనే ఉంటుంది. ప్రోటోజోవా మీదా, కొన్ని బ్యాక్టీరియా మీదా పనిచేసే మెట్రోనిడజోల్ 400 మాత్ర లేని తెలుగిల్లు అరుదు. కుక్కకు మోషన్స్ అయితే మనకు పనిచేసిందే దానికీ అన్న లెక్కలో సగం మాత్ర పెరుగన్నంలో కలిపి పెడతారు. పిల్లికీ అంతే.

మూడున్నర కిలోల పిల్లిని తీసుకుందాం. 400 మాత్ర రోజుకు రెండు వేస్తే కిలోకు దాదాపు 229 మిల్లీగ్రాములు. సగం సగం వేసినా 114. రోజుకు కిలోకు 60 మిల్లీగ్రాములు దాటితే నరాల మీద విషప్రభావం పడే ప్రమాదం బాగా పెరుగుతుంది, కొన్నిటికి అంతకన్నా తక్కువలోనే పడుతుంది. పావు మాత్ర చొప్పున రెండు పూటలా వేసినా 57, అంటే గట్టు అంచున నిలబడ్డట్టే. వెనక కాళ్లు తడబడటం, తల ఒక పక్కకు వాలిపోవడం, కళ్లు అదరడం, ఫిట్స్: ఇవీ లక్షణాలు. చాలాసార్లు ఐదారు రోజులు వాడాక బయటపడతాయి కాబట్టి విరేచనాల మందుకూ ఈ తూలుడికీ లంకె ఉందని ఇంట్లోవాళ్లకు తోచదు, పక్షవాతం వచ్చిందనుకుంటారు. మందు ఆపితే ఎక్కువ జంతువులు కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో కోలుకుంటాయి. లివర్ బాగా లేని జంతువుకు మామూలు మోతాదు కూడా ఎక్కువే.

పిల్లి దగ్గర ఇంకో తంటా, చేదు. మాత్ర విరిచి నాలుక మీద పెట్టగానే సబ్బు నురగలా నోరంతా నురగ, తల విదిలింపు, మంచం కిందికి పరుగు. విషం తగిలిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అది చేదుకు వచ్చిన నురగే. పిల్లల సిరప్‌లో ఉండే బెంజోయేట్ రూపం చేదు తక్కువ, కానీ దాని బరువూ మాత్రలోని మందు బరువూ ఒకటి కావు. లేబుల్ మీద రాసి ఉన్నది బెంజోయేట్ బరువా, అందులోని మెట్రోనిడజోల్ బరువా అని చూసుకోకుండా లెక్క కడితే ఒకటిన్నర రెట్లకు పైగా తేడా వస్తుంది.

మందుల షాపులో "మోషన్స్‌కి ఏదైనా ఇవ్వండి" అంటే చేతిలో పెట్టేది తరచూ ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర. ఓఫ్లాక్సాసిన్ జాతి మందులు ఎదిగే వయసు కుక్కపిల్లల కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తాయి, పెద్ద జాతి పిల్లలకు మరీ. నాలుగు నెలల జర్మన్ షెపర్డ్ పిల్లకు ఆ మాత్ర వేసేవారికి ఈ సంగతి చెప్పేవాళ్లుండరు.

ఇంతకూ ఆ విరేచనాలకు ప్రోటోజోవా కారణమా? చాలాసార్లు కాదు. పెళ్లి భోజనంలో మిగిలిన బిర్యానీ, చెత్తకుండీ, తిండి మార్పు, నులిపురుగులు, వైరస్: వరసలో ఇవి ముందుంటాయి. మామూలు విరేచనాలకు, కుక్క హుషారుగానే ఉన్నప్పుడు, యాంటీబయాటిక్ వాడొద్దనే 2024లో వచ్చిన యూరప్ పశువైద్య మార్గదర్శకాలు సూచించాయి. మెట్రోనిడజోల్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చెల్లాచెదురు చేస్తుంది, అది సర్దుకోవడానికి వారాలు పడుతుంది. "వేశాం, తగ్గింది" అన్న అనుభవంలో సగం కేసులు వేయకపోయినా రెండు మూడు రోజుల్లో తగ్గేవే అయ్యుంటాయి.

జియార్డియా అనే పేగు ప్రోటోజోవా అని తేలితే అప్పుడు మందు కావాలి. అది ఈ ఊళ్లో వానాకాలం జబ్బు కూడా. తడి నేలలో దాని గుడ్ల లాంటి సిస్టులు వారాల తరబడి బతుకుతాయి, రోడ్డు గుంతలో నిలిచిన నీళ్లు ఒక్కసారి నాకితే చాలు. మలంలో అవి రోజూ కనిపించవు, అందుకే మూడు వేర్వేరు రోజుల మలం చూడమంటారు. మందు కూడా మెట్రోనిడజోల్ ఒక్కటే కాదు. నులిపురుగులకు వాడే ఫెన్‌బెండజోల్‌ను కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నుంచి ఐదు రోజులు ఇవ్వడం చాలామంది డాక్టర్ల మొదటి ఎంపిక. కోర్సు చివరి రోజు కుక్కకు తల నుంచి తోక దాకా, ముఖ్యంగా వెనక భాగం, స్నానం చేయించకపోతే వెంట్రుకలకు అంటుకున్న సిస్టులనే మళ్లీ నాకి మొదటికి తెచ్చుకుంటుంది. మందు పనిచేయలేదని తిట్టుకునే కేసుల్లో స్నానం ఎగ్గొట్టినవి బోలెడు. ఏ లక్షణాలూ లేని కుక్కకు టెస్టులో జియార్డియా వచ్చినంత మాత్రాన మందు వేయాలనేమీ లేదు. ఇంట్లో పిల్లలకు అంటుతుందన్న భయం కూడా కొంత ఎక్కువే: కుక్కల్లో ఎక్కువగా ఉండేవి సి, డి రకాలు, పిల్లుల్లో ఎఫ్ రకం. మనుషులకు వచ్చేవి ఏ, బి.

కుక్కపిల్లలకు, పిల్లికూనలకు వచ్చే కాక్సీడియా అనే ఇంకో పేగు ప్రోటోజోవాది చిన్న కథ. సల్ఫా మందులకో, టాల్ట్రాజురిల్‌కో లొంగుతుంది. చిక్కల్లా కోళ్ల మందులతో. కోళ్ల ఫారాలు ఎక్కువున్న ప్రాంతం కాబట్టి నగరం శివార్లలో కాక్సీడియా మందంటే కోళ్ల నీళ్లలో కలిపే సీసా చేతిలో పెడతారు. కోళ్ల టాల్ట్రాజురిల్ ద్రావణానికి క్షారగుణం ఎక్కువ, నీళ్లలో బాగా పలచన చేసి తాగించడానికి తయారు చేసింది. కూన నోట్లో నేరుగా పోస్తే మంట. ఆంప్రోలియం అయితే ఎక్కువ రోజులు వాడినప్పుడు బి1 విటమిన్ లోపం తెస్తుంది. సల్ఫా మందులు డాబర్‌మ్యాన్‌లకు పడకపోవడం ఎక్కువ, ఏ కుక్కకైనా చాలా రోజులు వాడితే కళ్లు పొడిబారొచ్చు.

పిల్లుల్లో ట్రైట్రైకోమోనాస్ అనే ఇంకో ప్రోటోజోవా ఉంది. బ్రీడర్ దగ్గర గుంపులో పెరిగిన పర్షియన్ పిల్లికూనలకు నెలల తరబడి దుర్వాసనతో పల్చటి విరేచనాలు అవుతుంటే దీన్ని అనుమానించాలి. మెట్రోనిడజోల్‌కు ఇది లొంగదు, కోర్సు మీద కోర్సు వేసినా. దీనికి వాడే రోనిడజోల్‌కు నరాల మీద ప్రభావం మరింత ఎక్కువ, కాబట్టి పీసీఆర్‌లో తేలాకే మొదలుపెడతారు.

పిల్లి మలం నుంచి గర్భిణికి సోకి కడుపులో బిడ్డకు హాని చేయగల ప్రోటోజోవా, టాక్సోప్లాస్మా గురించి ఇళ్లలో ఉన్న భయం వేరు. అమ్మాయి పురిటికి పుట్టింటికి వస్తోందంటే పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని పెద్దవాళ్లు పట్టుబడతారు, లేదా పిల్లికి ముందు జాగ్రత్తగా ఏదైనా మందు వేయమని డాక్టర్‌ను అడుగుతారు. పిల్లి సాధారణంగా జీవితంలో మొదటిసారి ఆ క్రిమి సోకినప్పుడే, ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే మలంలో దాన్ని వదులుతుంది. వదిలిన క్రిమి కూడా అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్ ట్రే రోజూ ఇంకెవరైనా శుభ్రం చేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూర అంతకన్నా పెద్ద దారులు. జబ్బు లక్షణాలున్న పిల్లికి క్లిండమైసిన్ నాలుగు వారాలు ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి వేసి ప్రయోజనం లేదు. వేసినప్పుడు మాత్రం ఒక జాగ్రత్త: క్లిండమైసిన్, డాక్సీసైక్లిన్ రెండూ పిల్లి అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది, దారి సన్నబడిపోవచ్చు కూడా. మాత్ర మింగాక సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు పట్టించాలి.

ఈ మందుల్లో చాలావాటి మీద డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని రాసి ఉంటుంది. పశువుల మందుల మీదైతే జంతువు తల బొమ్మ, మనుషులకు కాదన్న హెచ్చరిక కూడా ఉంటాయి. కౌంటర్ దగ్గర ఆ రాతను పట్టించుకునేవాళ్లు తక్కువ. చీటీ ఉన్నా అది పోయినేడాదిది కావచ్చు, కుక్కపిల్ల అప్పుడు ఆరు కిలోలు, ఇప్పుడు ఇరవై రెండు. బరువు కోసం ప్రత్యేకం కాటా అక్కర్లేదు: కుక్కను ఎత్తుకుని ఇంట్లో కాటా మీద నిలబడి, అందులోంచి మన బరువు తీసేస్తే సరి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అంకె, ఆ రోజు మలం ఒక మూతడబ్బాలో, ఇప్పటికే వేసిన మందుల స్ట్రిప్పులు పట్టుకెళ్లాలి. మూడోదే చాలామంది ఇంట్లో వదిలేసి వెళ్తారు. "ఏమైనా వేశారా?" అని అడిగితే, తిడతారేమోనని "ఏం లేదు డాక్టర్" అంటారు. నిన్న వేసిన ఒక్క మెట్రోనిడజోల్‌తో మలంలో జియార్డియా ఇవాళ కనిపించకుండా పోవచ్చు. మొన్న ఎవరో ఇంటికొచ్చి వేసిన ఇంజెక్షన్ డిమినజీన్ అయితే, ఆ సంగతి తెలియని డాక్టర్ అదే జ్వరానికి అదే మందు మళ్లీ సిరంజిలోకి తీయొచ్చు.